ఫోటోకు పుట్టినతేది ఎక్కడ ఉండును?

ఉద్దానములో కూలిన కొబ్బరితోటల ఫోటోలు రెండు మీ ముందుంచినారనుకొనుడు. ఒకటి 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపాను నాటిది. రెండవది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ నాటిది. రెంటిలోను అదే ఇసుకనేల, అవే ఒరిగిన చెట్లు. ఏది ఏ తుపానుదో చెట్లు చెప్పలేవు, తేదియే చెప్పవలెను.

టెక్కలిలో పనిచేయుచున్న ఒక ఉపాధ్యాయ మిత్రుడు ఈ మధ్య కొత్త కంప్యూటరు కొని, పాతదానిలోని ఫోటోలను అందులోనికి చేర్చినాడు. కొన్నిటిని పెన్‌డ్రైవుతో తెచ్చినాడు, కొన్నిటిని ఇంటర్నెట్టులో దాచి అక్కడినుండి దింపుకొన్నాడు. తేదీల వరుసలో పేర్చి చూడగా తిత్లీ నాటి తోటలు, బడి వార్షికోత్సవము, అమ్మాయి పెండ్లి అన్నియు ఒకే ఆదివారము నాటివిగా కనబడినవి! "ఇంకొక వింత చూడండి మాస్టారూ, ఈ ఫైలు పుట్టింది 2024లోనట, మారింది 2018లోనట. పుట్టకముందే ఎలా మారిందండీ?" అని అడిగినాడు.

చక్కని ప్రశ్న. దీనికి సమాధానము బడి రికార్డులలోనే కలదు. సోంపేటలో చదివిన పిల్లవాడు టి.సి. తీసికొని పలాస బడిలో చేరినాడనుకొందము. రిజిస్టరులో చేరిన తేది కొత్తది. పుట్టినతేది మాత్రము టి.సి.లో ఉన్నదే. విండోస్‌లో 'క్రియేటెడ్' అనునది పేరుకు పుట్టినతేది గాని, నిజమునకు ఆ ఫైలు ఆ డిస్కులో చేరిన తేది. కాపీ చేసినప్పుడెల్ల అది కొత్తగా పడును. 'మాడిఫైడ్' అనునది లోపలి విషయము కడపట మారిన తేది. మామూలు కాపీలో అది చెదరదు. ఇంతటి తికమకకు కారణము ఆ పేరే. పెట్టినవారు మరికొంత ఆలోచించి ఉండవలసినది.

ఈ రెండు తేదీలును ఫైలు లోపల ఉండవు, డిస్కు యొక్క చిట్టాలో ఉండును. ఫోటోకు మూడవ తేది ఒకటి కలదు. జపానులో 1995లో రూపొందిన 'ఎగ్జిఫ్' ప్రమాణము ననుసరించి, కెమెరా తాను మీట నొక్కించుకొన్న క్షణమును ఫోటో ఫైలులోనే వ్రాయును. 'ప్రాపర్టీస్'లో 'డేట్ టేకెన్' అని కనబడునది ఇదియే. ఎన్ని డిస్కులు మారినను ఇది వెంట నడచును. మిత్రుని ఫోటోలను ఈ తేది ప్రకారము పేర్చగా చాలవరకు చక్కబడినవి.

అన్నియు చక్కబడలేదు. సందేశముల యాప్‌లలో పెక్కు ఫోటోను చిన్నదిగా కుదించి పంపును. ఆ కుదింపులో ఎగ్జిఫ్ పోవును. (డాక్యుమెంటుగా పంపినచో సాధారణముగా నిలుచును.) వజ్రపుకొత్తూరు బంధువులు పంపిన తోటల ఫోటోలు ఇట్టివే. వాటికి మిగిలిన ఆధారము 'మాడిఫైడ్' తేది ఒక్కటే. ఇంటర్నెట్టునుండి దింపుకొన్నప్పుడు అదియు దింపిన రోజుకు మారిపోయినది.

చిట్టాలో కాలమును వ్రాయు పద్ధతియు తెలిసికొనదగినదే. పాత పద్ధతియైన 'ఫ్యాట్'లో గంట నిమిష సెకనులకు కలిపి 16 బిట్లు మాత్రమే. గంటలకు 5, నిమిషములకు 6 పోగా సెకనులకు 5 మిగులును. 5 బిట్లతో 32 అంకెలే వ్రాయగలము. సెకనులు 60 గదా! అందుచేత రెండేసి సెకనుల చొప్పున లెక్కించిరి. విండోస్ వాడు 'ఎన్‌టిఎఫ్‌ఎస్' 1601 జనవరి 1 మొదలుకొని సెకనులో కోటవ భాగములుగా లెక్కించును. పైగా ఫ్యాట్ మన గోడగడియారపు కాలమునే వ్రాయగా, ఎన్‌టిఎఫ్‌ఎస్ ప్రపంచ ప్రామాణిక కాలమును వ్రాసి, చూపునప్పుడు మాత్రము మన కాలమునకు మార్చును. మన కాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. తిత్లీ తీరము దాటుచుండగా 11వ తేది ఉదయము 5 గంటలకు తీసిన ఫోటో డిస్కులో 10వ తేది రాత్రి 11.30గా ఉండును. కొత్త కంప్యూటరులో కాలమండలమును సరిచేయక ప్రామాణిక కాలముననే వదలినచో తుపాను ఒకరోజు ముందే వచ్చినట్లు కనబడును!

అదృష్టవశమున మిత్రుడు పాత కంప్యూటరును ఇంకను అమ్మలేదు. విండోస్‌లోనే ఉన్న 'రోబోకాపీ' అను ఆజ్ఞ ఫైళ్ళ తేదీలన్నిటిని తీసికొనిపోవును. ఫోల్డర్ల తేదీలు కూడ కావలెనన్నచో 'డికాపీ' అను సూచనకు డి, ఏ, టి అక్షరములు చేర్చవలెను. ఆజ్ఞలు వ్రాయుట కష్టమనుకొన్నవారు ఫోల్డరును జిప్ చేసి తరలించి, అక్కడ విప్పవచ్చును. 'మాడిఫైడ్' తేది నిలుచును. లినక్స్‌లో 'ఆర్‌సింక్' కలదు.

మేము ఫైళ్ళను మరల తరలించి, పది ఫైళ్ళ తేదీలను రెండు యంత్రములలోను పక్కపక్కన చూచితిమి. నడుమ పెన్‌డ్రైవు ఫ్యాట్‌ది గనుక కొన్నిట ఒకటి రెండు సెకనుల తేడా వచ్చినది. అది పైన చెప్పిన 5 బిట్ల ఫలితమే. రెండు ఫోటోలకు మాత్రము పాత కంప్యూటరులోను నమ్మదగిన తేది దొరకలేదు. అవి ఫైలిన్‌వో తిత్లీవో పంపినవారికే గుర్తులేదు. వాటిని "తేది తెలియదు" అను ఫోల్డరులో వేరుగా ఉంచినాడు.