కారు ముక్కు మూసే రెక్కలు

తిరుమల ఘాట్ రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం బానెట్ ఎత్తి, ఆవిరి కక్కుతూ ఆగిపోయిన పాత కార్లను చాలామందే చూసి ఉంటారు. కారు ముందర గ్రిల్ ఎంత వెడల్పుండాలో తేల్చేది అలాంటి రోజే. లోపల అయిదుగురు, డిక్కీ నిండా సామాన్లు, ఏసీ ఆన్, ఎదురుగా ఎక్కుడు. ఇంతటి కష్టంలోనూ ఇంజను మరగకూడదని లెక్కగట్టి రేడియేటర్‌నీ, దాని ముందు ఖాళీనీ పెడతారు. అదే కారు చదును రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు చక్రాల దగ్గర కావలసిన శక్తి పది కిలోవాట్లు కూడా ఉండదు. అరవై కిలోవాట్ల ఇంజను అప్పుడు బద్ధకంగా తిరుగుతుంటుంది. పెళ్లికని కొన్న గుండిగలో రోజూ ఇద్దరికి అన్నం వండుకోవడం లాంటిది ఈ వ్యవహారం.

గుండిగ ఖాళీగా ఉంటే పోయేదేమీ లేదు గానీ, గ్రిల్ తెరిచి ఉంటే ఖర్చుంది. లోపలికి దూరిన గాలి ఏసీ కండెన్సర్‌ని, రేడియేటర్‌ని దాటి, ఇంజనుకు గుద్దుకుని, సుడులు తిరిగి, కారు కిందనుంచి ఎలాగో బయటపడుతుంది. ఆ గాలి పోగొట్టుకున్న ఊపుకు వెల కట్టేది మన పెట్రోలే. కారుకు ఎదురయ్యే మొత్తం గాలి నిరోధంలో ఈ వాటా సుమారు 5 నుంచి 10 శాతం. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. అవసరం లేనప్పుడు ఆ ద్వారం మూసేస్తే పోలేదా అన్న ప్రశ్నకు జవాబే కదిలే రెక్కల గ్రిల్.

తమాషా ఏమిటంటే, ఈ రెక్కలు పుట్టింది గాలి గురించి కాదు, చలి గురించి. 1901 నాటి మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు లాంటి రేడియేటర్ చేశాడు. ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070, వాటి మధ్య సందుల్లో నీళ్లు, వెనకాల ఫ్యాను. వేడిని అది ఎంత బాగా లాగేసేదంటే, చలిదేశాల్లో శీతాకాలం వచ్చేసరికి ఇంజను వేడెక్కడమే గగనమైంది. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. సిలిండర్ గోడల మీద బొట్లు కట్టి, అక్కడి నూనె పొరను కడిగేస్తుంది. అందుకని డ్రైవర్లు రేడియేటర్‌కి దుప్పటో తోలుముక్కో అట్టముక్కో అడ్డం కట్టేవారు. కంపెనీలు ఆ పనినే కాస్త నాజూగ్గా చేసి రేకు రెక్కలు బిగించాయి. ప్యాకార్డ్ కార్లలో వేడికి సాగే లోహపు తిత్తి వాటిని తనంతట తానే తిప్పేది. రోల్స్ రాయిస్ ఫాంటమ్ గ్రిల్‌లోని నిలువు పలకలు కూడా మొదట తెరుచుకుని మూసుకునేవే. తర్వాతి కాలంలో పని పోయినా పలకలు పోలేదు. కదలని నగల్లా మిగిలి, కంపెనీ గుర్తుగానే స్థిరపడ్డాయి.

పని ఎలా పోయింది? 1930లలో సెర్జియస్ వెర్నే మైనం థర్మోస్టాట్ చేశాడు. మైనం కరిగితే ఉబ్బి వాల్వు తెరుస్తుంది, చల్లారితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. గాలిని ఆపే బదులు నీళ్లనే ఆపితే సరిపోతుందని తేలాక, ముందర రెక్కలెందుకు? రష్యా మాత్రం వాటిని వదల్లేదు. పబేదా, వోల్గా కార్లలో డ్రైవరు కూర్చున్నచోటి నుంచే పిడి లాగి రెక్కలు మూసేవాడు.

గాలి లెక్క అసలు మొదలైంది ఆకాశంలో. 1935లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఎఫ్. డబ్ల్యూ. మెరెడిత్ ఒక సంగతి చెప్పాడు. రేడియేటర్‌ని సరైన గొట్టంలో పెట్టి, గాలి వెళ్లిపోయే మూతను సర్దుకుంటూ పోతే, వేడెక్కిన గాలి వెనక్కి చిమ్మి, తాను కలిగించిన నిరోధాన్ని చాలామటుకు తానే తీర్చేస్తుందన్నాడు. మస్టాంగ్ యుద్ధవిమానం పొట్టకింద నీటి వేడిని బట్టి కదిలే తలుపు ఈ లెక్క ప్రకారం చేసిందే. కార్లవాళ్లకు ఈ తెలివి రావడానికి మరో డెబ్భై ఏళ్లు పట్టింది. నిజానికి తెలివి కాదు, మైలేజీ నిబంధనలు రావలసి వచ్చింది. 2011 మోడల్ షెవ్రొలే క్రూజ్ ఎకోలో వేగం పెరిగితే కింది గ్రిల్ మూసుకునేది. ఫోర్డ్ ఫోకస్‌లో చిన్న మోటారు రెక్కల్ని పదిహేను స్థానాల్లో నిలిపేది. అన్నివేళలా తెరిచి ఉంచిన దానితో పోలిస్తే రెండు శాతం దాకా ఆదా అని ఫోర్డ్ చెప్పుకుంది. లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే కారు మరో 400 మీటర్లు పోతుందన్నమాట. ఎక్కువేం కాదు, కానీ లక్షల కార్లు అమ్మేవాడికి తక్కువా కాదు.

చేతిపని వచ్చినవాళ్లు దీన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. ట్యూషన్ బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు గానీ పల్చని అల్యూమినియం గానీ పట్టీలుగా కోసి, ఒక్కోదానికి మధ్యలో సైకిల్ స్పోకు గుచ్చి ఇరుసు చేయాలి. రెక్కలన్నిటినీ ఒకే కడ్డీకి కలిపి, సైకిల్ బ్రేకు కేబుల్‌తో డాష్‌బోర్డు కిందికి లాక్కోవాలి. ఇందులో ప్రాణం స్ప్రింగుది. అది రెక్కల్ని ఎప్పుడూ తెరిచే వైపే లాగుతుండాలి. కేబుల్ తెగితే ద్వారం తెరుచుకోవాలి తప్ప మూసుకుపోకూడదు. స్ప్రింగును తిరగేసి బిగించడమంటే హెడ్ గాస్కెట్ మీద ఆశ వదులుకోవడమే.

డాష్‌బోర్డు ముల్లును నమ్ముకోకూడదు. ఈ కాలపు కార్లలో చాలావాటికి నీటి వేడి 80 డిగ్రీలున్నా 100 ఉన్నా ముల్లు మధ్యలోనే కూర్చుంటుంది. డ్రైవర్లు కంగారు పడకుండా కంపెనీలు చేసిన ఏర్పాటది. ఓబీడీ సాకెట్‌కి చిన్న రీడరు తగిలించి ఫోన్లో అసలు అంకె చూసుకోవాలి. రెక్కలు మూసినప్పుడు రేడియేటర్ ఫ్యాను మాటిమాటికీ తిరుగుతోందంటే, గాలిలో మిగిల్చింది ఆల్టర్నేటర్‌కి కట్టేస్తున్నట్టే.

మన ఎండలకు ఇంకో చిక్కుంది. రేడియేటర్ కంటే ముందే ఏసీ కండెన్సర్ ఉంటుంది, దానికీ గాలి కావాలి. కాబట్టి రామగుండం వేసవిలో ఈ రెక్కలకు పెద్దగా పనుండదు. ఊళ్లో ముప్పై వేగంతో తిరిగేవారికి ఏ కాలంలోనూ ఉండదు. డిసెంబరు రాత్రి, ఏసీ లేకుండా, విజయవాడ హైవే మీద పోయేవారికి ఫలితం కనబడొచ్చు.

ఇంజనే లేని క్రెటా ఎలక్ట్రిక్‌కీ హ్యుందాయ్ ఈ రెక్కలు పెట్టింది. బ్యాటరీకీ మోటారుకూ చల్లదనం కావాలి, ఒక ఛార్జికి ఎన్ని కిలోమీటర్లన్నదేమో షోరూములో అడిగే మొదటి ప్రశ్న. అక్కడ రెండు శాతాన్ని వదులుకునే కంపెనీ లేదు.