చేప బతికుంటే చెరువు బాగున్నట్టేనా?

మృగశిర కార్తె వస్తే సిద్దిపేట చేపల మార్కెట్‌లో ఇసుక వేస్తే రాలదు. ఆ వారం ఓపీలోనూ అదే ముచ్చట. ‘సార్, షుగరున్నది, చేపలు తినొచ్చునా?’ తినొచ్చు. 100 గ్రాముల చేపలో 17 నుంచి 20 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, తేలిగ్గా అరుగుతుంది. వేపుడు కంటే పులుసు మేలు. కానీ నేను తిరిగి అడిగేది ఒకటుంది: ఆ చేప ఏ చెరువుది?

‘బతికున్న చేపనే తెచ్చినం’ అంటారు. తాజాదనానికి అది రుజువే. నీళ్ల మంచితనానికి మాత్రం కాదు.

చేపకూ ఊపిరి కావాలి. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటే బొచ్చె, రవ్వ హాయిగా పెరుగుతాయి. 3 కంటే తగ్గితే ఉక్కిరిబిక్కిరే. 20 డిగ్రీల నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఇముడుతుంది, 35 డిగ్రీల నీటిలో 7కు మించదు. అంటే ఎండాకాలం చివరికి చెరువు అసలే ఇబ్బందిలో ఉంటుంది. అప్పుడే తొలకరి వాన కాలువల్లోని మురుగును తెచ్చి పోస్తుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను తాగేస్తుంది. పైగా మబ్బు పడితే నాచు కొత్త ఆక్సిజన్ చేయలేదు, రాత్రంతా అదీ పీల్చుకుంటుంది. మనం చేపలు ఎక్కువగా తినే రోజులూ, చేపలు ఎక్కువగా చచ్చే రోజులూ దాదాపు ఒకటే కావడం అందుకే.

2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకంలో వదిలినవి ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ లాంటివి. ఇవి మొప్పలతోనే బతకాలి కాబట్టి ముందు పోయేవీ ఇవే. మన రాష్ట్ర చేప కొర్రమీను, దానితోపాటు మార్పు మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి, మురికినీ తట్టుకుంటాయి. నీళ్లు చెడేకొద్దీ వలలో రకాలు తగ్గి ఇలాంటి మొండి చేపలే మిగులుతాయి. తొట్టిలో ఎగిరిపడే కొర్రమీను నిగనిగలాడినా, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువుదైతే దాని ఒంట్లో లోహాలు పేరుకుని ఉండొచ్చు. చిన్న చేపలను తినే చేప కదా, వాటిలోనిదంతా దీనికే చేరుతుంది. 2017లో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

50 టీఎంసీల మల్లన్నసాగర్‌లో కాస్త మురుగు కలిసినా పలచబడిపోతుంది. ఊరిని ఆనుకున్న చిన్న చెరువుకు ఆ వెసులుబాటు లేదు. నీళ్ల మీద ఆకుపచ్చ పెయింటు పోసినట్టు తెట్టు కడితే అక్కడి చేపల జోలికి వెళ్లొద్దు. ఆ నాచులో కొన్ని రకాల విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎంత మరిగించినా పోదు. పసుపు, ఉప్పు, చింతపండు నీచువాసనకు పనిచేస్తాయి గానీ విషానికి కాదు. ఆ విషం మాంసంలో కంటే పేగుల్లో, కాలేయంలో ఎక్కువ చేరుతుంది. అందుకే ఏ చెరువు చేపైనా లోపలి భాగాలు పూర్తిగా తీయించండి, పిల్లలకు ముద్దుగా పెట్టే ‘కార్జం’తో సహా.

చచ్చి తేలిన చేప సగం ధరకిచ్చినా వద్దు. తిన్నాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగిస్తూ ఆస్పత్రికి తీసుకురండి.

తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచి పైకొస్తున్నాయంటే మత్స్యశాఖ వాళ్లకు అప్పటికప్పుడే ఫోన్ చేయండి. ఎండెక్కాక నాచు మళ్లీ ఆక్సిజన్ చేస్తుంది. మధ్యాహ్నం తీసిన నీటి నమూనాలో అంతా బాగానే ఉన్నట్టు వస్తుంది.