మలబద్ధకం – మన హాస్టల్ జీవితం

కవితలు, కథలు, వార్డెన్ గారి సందేశం ఉండే సంచికలో ఈ విషయం రాస్తామంటే మిత్రులు నవ్వారు. నవ్వినవాళ్ళలో కొందరు రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒక్కొక్కరే వచ్చి "అన్నా, మూడు రోజులైంది, ఏం చేయాలి?" అని చెవిలో అడిగినవాళ్ళే. జ్వరమొస్తే రూమంతా తెలుస్తుంది. ఇది మాత్రం ఎవరికీ చెప్పుకోం. చెప్పుకోనందువల్ల చిన్న బాధ పెద్దదవుతోంది కాబట్టి మేము సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నాము.

రోజూ తెల్లవారగానే విరేచనం కావాలి, కాకపోతే రోగమే అని మన ఇళ్ళలో అంటారు. అది పూర్తిగా నిజం కాదు. రోజుకు మూడుసార్లు మొదలుకొని వారానికి మూడుసార్ల వరకు ఎవరి అలవాటు వారికి మామూలే. వారానికి మూడుసార్లకంటే తగ్గినా, మలం గట్టిగా ఉండలు కట్టి వస్తున్నా, ముక్కి ముక్కి పోవలసి వస్తున్నా, పోయివచ్చాక ఇంకా మిగిలిందనిపిస్తున్నా దాన్ని మలబద్ధకం అంటారు.

మనం తిన్న అన్నం చిన్నపేగులో జీర్ణమై, మిగిలిన పిప్పి నీళ్ళతో కలిసి పెద్దపేగులోకి వస్తుంది. పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటరు పొడవుంటుంది. దాని ముఖ్యమైన పని ఆ పిప్పిలోని నీటిని పీల్చుకోవడం. ఎంతసేపు లోపల ఉంటే అంత పీల్చుకుంటూనే ఉంటుంది. కాబట్టి ఆపుకున్నకొద్దీ మలం ఎండి గట్టిపడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగుకు కబురు వెళ్ళి అది కదలడం మొదలుపెడుతుంది. ఈ కదలిక ఉదయం పూట, టిఫిన్ తిన్న తర్వాత బాగా బలంగా ఉంటుంది. అప్పుడు దొడ్డికి రావడం సహజం. ఆ కబురు కొద్ది నిమిషాలే నిలుస్తుంది. రోజూ దాన్ని లెక్కచేయకపోతే చివరి భాగంలోని పేగు సాగి, ఆ కబురు తెలియడమే తగ్గిపోతుంది.

ఇప్పుడు మన హాస్టల్ ఉదయాన్ని గుర్తు తెచ్చుకోండి. ఐదున్నరకు లేస్తే లెట్రిన్ల ముందు బకెట్లతో క్యూ. లోపలికి వెళ్ళినవాడు రెండు నిమిషాలు దాటితే బయట తలుపు బాదుడు. ఒకదానికి గడియ ఉండదు, ఒకదానిలో బల్బు ఉండదు, ఒక్కోసారి ట్యాంకులో నీళ్ళే ఉండవు. "సాయంత్రం చూసుకుందాంలే" అని తిరిగి వచ్చేస్తాం. టిఫిన్ తిన్నాక కబురు వస్తుంది, అప్పటికి బస్సు టైం. కాలేజీలో లెట్రిన్ల సంగతి చెప్పనక్కరలేదు. గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. కాలేజీలో వెళ్ళవలసి వస్తుందని ఉదయం నుంచి నీళ్ళే తాగరని మా క్లాసు అమ్మాయిలు చెప్పారు. దాంతో మలం గట్టిపడడమే కాదు, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ కూడా వచ్చే అవకాశముంది. కాబట్టి మనలో చాలామందికి ఈ బాధ పొట్ట చెడి వచ్చింది కాదు, క్యూలో వచ్చింది అని మా అభిప్రాయం. దానికి మాత్ర మింగితే క్యూ తగ్గదు కదా!

రెండో కారణం తిండి. మనలో సీమ నుంచి, పాలమూరు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళలో తాతల కాలంలో జొన్నరొట్టె, జొన్న సంకటి, రాగి సంకటి, కొర్రన్నం ఉండేవి. వరి అన్నం పండక్కో పబ్బానికో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదవాడికి కూడా రోజూ తెల్లన్నం దొరికింది. అది చిన్న విషయం కాదు, ఆకలి తీర్చింది. కాని తెల్లగా మరపట్టినప్పుడు తవుడుతో పాటు పీచు పోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో, రాగుల్లో 10 గ్రాముల పైన ఉంటుంది. పీచు మనకు జీర్ణం కాదు, అదే దాని ఉపయోగం. అది నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తగా, బరువుగా చేసి ముందుకు కదిలేలా చేస్తుంది. మూడు పూటలా తెల్లన్నం, పల్చటి సాంబారు, పచ్చడి తింటూ, కూరలో ముక్కలు ఏరి కంచం పక్కన పెట్టే మన అలవాటుతో పీచు ఎక్కడినుంచి వస్తుంది?

ఖరీదైన పండ్లు కొనమని మేము చెప్పబోవడం లేదు. జామకాయ చాలు, గింజలతో సహా నమిలి తినాలి. సీజన్లో ఇంతకంటే చవకైన మందు లేదు. బొప్పాయి, బాగా మాగిన అరటిపండు మంచివి. రాత్రి గుప్పెడు శనగలో పెసలో నానబెట్టి ఉదయం గుగ్గిళ్ళు చేసుకోవచ్చు. హీటర్లు రూముల్లో వాడకూడదు కాబట్టి ఉడికించే పని వంటమనిషి అక్కకు అప్పగిస్తే కాదనదు. మెస్ కమిటీలో ఉన్నవాళ్ళు పప్పులో తోటకూరో పాలకూరో గోంగూరో వేయించమని, వారంలో రెండు రోజులైనా రాగి జావ పెట్టమని అడగాలి. ఇంటికి వెళ్ళి వచ్చేటప్పుడు పచ్చడి సీసాతో పాటు నాలుగు జొన్నరొట్టెలు తెచ్చుకున్నా ఒకరోజు గడుస్తుంది. ఒక జాగ్రత్త. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి గ్యాస్ వస్తుంది. వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచాలి, నీళ్ళు కూడా దానితో పాటే పెంచాలి. నీళ్ళు లేకుండా పీచు మాత్రమే తింటే ఇంకా బిగుసుకుంటుంది.

గ్యాస్, కడుపుబ్బరానికి భోజనం తర్వాత చిటికెడు వాము నమలడం, జీలకర్ర కాచిన నీళ్ళు తాగడం మన అమ్మమ్మల పద్ధతులు. చాలామందికి హాయినిస్తాయి, హాని లేదు. పల్చటి మజ్జిగ కూడా అంతే. రాత్రి తొమ్మిదింటికి తిని వెంటనే పడుకోవడం, సెంటర్లో మిరపకాయ బజ్జీలు తిని టీతో కడుపు నింపుకోవడం మానితే సగం తగ్గుతుంది.

తిండితో, నీళ్ళతో వారం చూసినా సరిగా కాకపోతే ఇసబ్‌గోల్ పొట్టు మంచిది. ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. అది రాత్రికి రాత్రే పనిచేయదు, రెండు మూడు రోజులు పట్టవచ్చు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిసిన త్రిఫల చూర్ణం చాలామంది వాడుతారు. మోతాదు ఆయుర్వేద వైద్యుణ్ణి అడిగి వాడాలి, ఎక్కువైతే విరేచనాలు అవుతాయి.

సునాముఖి ఆకు, దానితో చేసిన మాత్రలు, ఆముదం వేరే రకం. అవి పేగును గిల్లి పని చేయిస్తాయి, మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. ఎప్పుడో ఒకసారి అవసరానికి వాడడం వేరు, రోజూ వాడడం వేరు. మా రూములో ఒక తమ్ముడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర రెండు నెలలు ప్రతి రాత్రి వేసుకున్నాడు. పగలు నీళ్ళ విరేచనాలు, నీరసం, క్లాసులో కళ్ళు తిరగడం. ప్రభుత్వాసుపత్రి డాక్టరు మాత్ర మాన్పించి నీళ్ళు, పండ్లు, ఉదయం టైము చెప్పారు. కుదుటపడడానికి మూడు వారాలు పట్టింది.

ఇక టైము. ఈ బాధ ఉన్నవాళ్ళు క్యూ మొదలవకముందే లేచి, ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళు తాగి వెళ్ళాలి. లేదా టిఫిన్ తిన్న పావుగంటకు, అప్పుడు క్యూ ఉండదు. వచ్చినా రాకపోయినా రోజూ అదే సమయానికి ఐదు పది నిమిషాలు కూర్చోవాలి, ముక్కకూడదు. మన లెట్రిన్లు గొంతుక్కూర్చునేవి కావడం ఒక అదృష్టం. అలా కూర్చుంటే చివరి పేగులోని వంపు కొంత నిటారై సులువవుతుంది. సెల్‌ఫోను రూములో పెట్టి వెళితే క్యూలో ఉన్నవాళ్ళు కూడా దీవిస్తారు. మా బ్లాకులో కాలేజీ టైమును బట్టి ముందు ఇంటర్ వాళ్ళు, తర్వాత డిగ్రీ, ఆఖరున పీజీ అని వంతులు పెట్టుకున్నాము. తలుపు బాదడం తగ్గింది. గడియలు, బల్బులకు అందరం సంతకాలు పెట్టి వార్డెన్ గారికి కాగితం ఇచ్చాము. గడియలు వచ్చాయి, బల్బులు రావలసి ఉంది.

రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకునే చెల్లెళ్ళకు ఒక మాట. ఆ మాత్రలతో మలం నల్లగా రావడం మామూలే, కొందరికి గట్టిపడుతుంది కూడా. భయపడి కిటికీలోంచి పారేయకండి. డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు.

మలంతో రక్తం పడుతుంటే అది గట్టి మలం వల్ల చీరుకున్న పుండు కావచ్చు, మొలలు కావచ్చు, వేరేదీ కావచ్చు. ఊహించుకుంటూ కూర్చోకూడదు. ఐరన్ మాత్రలు వాడకుండానే తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆసుపత్రికి వెళ్ళాలి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఆ రోజే వెళ్ళాలి. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందకు దిగే నొప్పి, జ్వరం ఉంటే అపెండిసైటిస్ కావచ్చు. అప్పుడు ఆముదం గానీ విరేచనాల మాత్ర గానీ వేసుకోకూడదు, అర్ధరాత్రయినా వాచ్‌మన్‌ను లేపి 108కి ఫోన్ చేయించాలి. డాక్టరు దగ్గర ఎన్ని రోజులైంది, రక్తం ఉందా, ఏ మాత్రలు వేసుకున్నారు అనే మూడూ దాచకుండా చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే చీటీ మీద రాసి చేతికివ్వండి.