రాత్రి తినని షుగరు పొద్దున్నే ఎక్కణ్ణుంచి వచ్చింది?

"రాత్రి రెండు పుల్కాలు, ఇంత సొరకాయ కూర, అంతే! పొద్దున్నే చూసుకుంటే 158. నిద్దట్లో లేచి లడ్డూలు గానీ తింటున్నానా?" అని మా బావగారు ఫోన్లో ఒకటే గోల. మీరేం తినలేదు లెండి, మీ కాలేయం వడ్డించింది అన్నాను.

ఆరోగ్యంగా ఉన్న మనిషి పరగడుపున ఉన్నప్పుడు, ఒంట్లో ఉన్న అయిదు లీటర్ల రక్తమంతా గాలించినా దొరికే గ్లూకోజు ఒక చెంచాడు, అంటే 5 గ్రాములకు అటూ ఇటూ. మెదడొక్కటే గంటకి ఇంచుమించు అంత ఖర్చు పెట్టేస్తుంది. మరి రాత్రంతా ఏమీ తినకుండా పడుకున్నవాడికి ఎలా సరిపోతోంది? కాలేయం మన ఒంట్లో గాదె లాంటిది. తిన్నప్పుడు మిగిలింది సుమారు 100 గ్రాముల దాకా దాచిపెట్టి, రాత్రిపూట కొద్దికొద్దిగా కొలిచి పోస్తుంది. చాలకపోతే కొత్తగా తయారు చేస్తుంది కూడా.

తెల్లవారుజామున మూడు, నాలుగు దాటాక ఒళ్లు మేలుకోడానికి సిద్ధమవుతుంది. కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, ఇంకాస్త గ్లూకోజు వదలమని కాలేయాన్ని తొందరపెడతాయి. షుగరు లేనివాళ్లలో ఇన్సులిన్ ఆ జోరుకి కళ్లెం వేస్తుంది. ఉన్నవాళ్లలో అది చాలదు, ఉన్నదీ సరిగ్గా పనిచెయ్యదు. వైద్యులు 1981లోనే దీన్ని 'డాన్ ఫినామినన్' అని రాశారు. కాబట్టి పొద్దుటి అంకె చూసి భయపడి రాత్రి భోజనం మానేయకండి. రోజూ ఇలాగే ఉంటే, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి చూసి, ఆ అంకెలు డాక్టరుగారికి చూపించండి. మూడింటికి 70 లోపు ఉందనుకోండి, అప్పుడు మందు ఎక్కువవుతోందేమో ఆయన చూస్తారు.

అసలు ఆ అంకె నిజమేనా? మీటరుకి కావలసిన రక్తం ఒక మైక్రోలీటరు లోపే. మామిడిపండు కోసిన చేతిని కడుక్కోకుండా వేలు గుచ్చుకుంటే, అంత చిన్న చుక్కలో పండు తీపి కూడా కలిసిపోయి అంకె ఎగిరి కూర్చుంటుంది. స్పిరిట్ దూదితో తుడిచినా పూర్తిగా పోతుందని నమ్మకం లేదు. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకోండి. నొప్పీ తక్కువే.

ఇక నడక. అయిదింటికే పరగడుపున పార్కుకి పరుగెత్తేవాళ్లని చూస్తే నాకు కాస్త బెంగే. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్లకి దారిలో షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ వస్తే అక్కడే కూర్చుని మూడు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నోట్లో వేసుకుని, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. చొక్కా జేబులో ఆ పొట్లం లేకుండా గుమ్మం దాటకండి. నన్నడిగితే టిఫిను తిన్నాక పావుగంట నడవడం ఇంకా మేలు. కదులుతున్న కండరం ఇన్సులిన్ కోసం కాచుకోకుండానే రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటుంది, తిన్నది పెరుగుతున్న వేళకే.

టిఫిను మాటెత్తితే అందరూ ఇడ్లీని వెనకేసుకొస్తారు. నూనె లేదన్న మాట నిజమే. కానీ బియ్యపు రవ్వ మెత్తగా ఉడికిందంటే ఇట్టే అరిగి గ్లూకోజైపోతుంది. రెండు చాలు, సాంబారులో ముక్కలు ఎక్కువగా వేసుకోండి. పొట్టు పెసలతో వేసిన పెసరట్టు అంతకన్నా నయం, మధ్యలో ఉప్మా కూరనంతవరకే! మెంతులు నానబెట్టుకుని తాగుతారా, తాగండి. దాని ధైర్యంతో మాత్ర మాత్రం మానకండి.

మంచులో తడిసిన గడ్డి మీద వట్టికాళ్లతో నడిస్తే మంచిదని ఎవరో చెబుతూనే ఉంటారు. షుగరు బాగా పాతబడితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, ముల్లు దిగినా తెలియదు. చెప్పులేసుకునే నడవండి. స్నానమయ్యాక అరికాళ్లూ, వేళ్ల సందులూ తడి లేకుండా తుడుచుకుని, పుండుగానీ పొక్కుగానీ ఉందేమో చూసుకోండి. వంగలేకపోతే నేల మీద చిన్న అద్దం పెట్టుకోండి, లేదా మనవణ్ణి పిలవండి. మన కళ్లజోడు కన్నా వాడి కళ్లే నయం.