బదిలీ బండికి కొత్త నంబరు

బదిలీ ఉత్తరువు అందిన ఇంట మొదట చర్చకు వచ్చేవి పిల్లల చదువులు, తరువాత క్వార్టరు, ఆపైన సామానుల లారీ. కారు సంగతి ఎవరికీ గుర్తుండదు. అది తన చక్రాల మీద తానే వస్తుంది గదా అన్న ధీమా! విశాఖపట్నంలోని సెయిల్ రవాణా, నౌకా విభాగం నుండి భిలాయికి వచ్చే ఉద్యోగి సాలూరు కనుమ ఎక్కి, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి, కేశ్‌కాల్ ఘాట్ దిగి రాయపూర్ చేరేసరికి మూడు రాష్ట్రాల రోడ్ల దుమ్ము బండికి పట్టి ఉంటుంది. ఆ దుమ్ము ఒక్క పూట కడిగితే పోతుంది. నంబరు పలక మీది అక్షరాల వ్యవహారం మాత్రం అంత తేలికగా తేలదు.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మన మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన రోజులలో ఇక్కడికి వచ్చిన తెలుగువారికి ఈ చింత లేదు. అప్పుడు సైకిలే వాహనం. దానికి ఏ రాష్ట్రపు అక్షరాలూ లేవు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు ఊరు కదలకుండానే మన రాష్ట్రం మారింది. కొత్త బండ్లకు ఎం.పి. పోయి సి.జి. 07 వచ్చింది. తెలంగాణ బంధువులకు 2014లో టి.ఎస్., 2024లో టి.జి. వచ్చిన వైనమూ మనకు తెలిసినదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బయటి రాష్ట్రపు బండి గురించి మన సెక్టార్లలో రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. వచ్చిన వారంలోనే నంబరు మార్చుకోవాలని కొందరు, భారతదేశమంతటా చెల్లే రిజిస్ట్రేషనును మార్చవలసిన పనేమిటని మరికొందరు వాదిస్తారు. ఇరువురి మాటలోనూ సగమే నిజం ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 46వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రంలో జరిగిన రిజిస్ట్రేషను దేశమంతటా చెల్లుతుంది. అయితే 47వ సెక్షను దానికొక హద్దు పెట్టింది. బండి మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉన్నట్లయితే అక్కడి కొత్త నంబరుకు దరఖాస్తు చేయవలసిందే. ఈ లెక్క మనం ఉద్యోగంలో చేరిన తేదీ నుండి గాక బండి వచ్చిన తేదీ నుండి మొదలవుతుంది. కుటుంబం ఆరు నెలలు ఆలస్యంగా, కారుతో సహా వచ్చిన సందర్భంలో ఈ భేదం ఎంతో ఉపకరిస్తుంది. కనుక సామానుల లారీ రశీదునూ, దారిలోని టోలు చెల్లింపుల వివరాలనూ దాచి ఉంచుకోవడం మంచిది.

నంబరు మార్పుకు మూలం పాత ఊరి కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం. దుర్గ్‌లోని రవాణా కార్యాలయంలో దీనిని ‘అనాపత్తి ప్రమాణ పత్ర్’ అనీ, రిజిస్ట్రేషనును ‘పంజీయన్’ అనీ అంటారు. ఈ రెండు మాటలు తెలిసి ఉంటే కిటికీ దగ్గర సగం పని అయినట్లే. ఈ పత్రానికి 28వ నంబరు ఫారం నింపాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు జతపరచాలి. (కంప్యూటర్లు ఇంత వచ్చినా ఈ పెన్సిలు ముక్క ఉద్యోగానికి మాత్రం విరమణ రాలేదు!) కారు మీద అప్పు ఉంటే బ్యాంకు సమ్మతి కావాలి. చెల్లించని చలానాలు తీర్చివేయాలి. బీమా, కాలుష్య ధ్రువపత్రాలు గడువులో ఉండాలి. కార్యాలయం ముప్పై దినాలలోగా నిరాకరణ తెలుపకపోతే పత్రం మంజూరైనట్లే భావించాలని 48వ సెక్షను చెబుతున్నది.

ఈ పని ఊరు విడువక ముందే పూర్తి చేసుకొనడం ఎంతో మేలు. భిలాయి చేరిన తరువాత విశాఖలోని కార్యాలయానికి ఒక సంతకం కోసం సెలవు పెట్టి వెళ్లడంలోని కష్టం అనుభవించిన వారికే తెలుస్తుంది. అలాగని అందరూ తొందరపడనవసరం లేదు. పత్రం దుర్గ్ పేరిట తీసుకున్నాక ఏడాది తిరగకుండానే బొకారోకో, రూర్కెలాకో మళ్లీ ఉత్తరువు వస్తే ఆ కాగితాన్ని రద్దు చేయించడం మరొక ప్రయాస. స్వల్పకాలపు డిప్యుటేషనుపై వచ్చినవారు పాత నంబరుతో ఉండిపోవడమే వివేకం.

ఇక్కడ 27వ ఫారంతో దరఖాస్తు చేసి, బండిని చూపించి, పన్ను చెల్లించాలి. కుటుంబ బడ్జెట్టుకు దెబ్బ తగిలేది ఇక్కడే. పాత రాష్ట్రంలో జీవితకాలపు పన్ను ఒకేసారి కట్టి ఉంటాము. నాలుగేళ్లు నడిచిన కారుకు మిగిలిన కాలపు పన్నును ఛత్తీస్‌గఢ్‌కు ఇప్పుడు కట్టాలి. అక్కడ మిగిలిపోయిన భాగాన్ని వాపసు కోరవచ్చును గాని, కొత్త నంబరు వచ్చిన రుజువు చూపిన పిమ్మటనే అది సాధ్యం. అనగా కట్టడం ముందు, రావడం వెనుక. పిల్లల కాలేజీ ఫీజుల నెలలో ఈ ఖర్చు వచ్చి పడకుండా ముందుగానే లెక్క వేసుకోవాలి. పాత పన్ను రశీదు పోగొట్టుకుంటే వాపసు మాట మరింత చిక్కుపడుతుంది.

ఈ బాధ తప్పించడానికే కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 15 నుండి ‘బి.హెచ్.’ శ్రేణిని ప్రవేశపెట్టినది. రక్షణ సిబ్బంది, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వోద్యోగులతో పాటు ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకూ దీనికి అర్హత ఉన్నది. పన్నును రెండేళ్లకొకసారి గాని, రెండేళ్ల గుణిజాలలో గాని కట్టవచ్చును. కారు ఖరీదు పది లక్షల లోపైతే 8 శాతం, ఇరవై లక్షల వరకు 10, ఆపైన 12 శాతం చొప్పున లెక్క కడతారు. డీజిలుకు 2 శాతం ఎక్కువ, విద్యుత్ వాహనాలకు 2 శాతం తక్కువ. పాత నంబరు బండ్లను కూడా ఈ శ్రేణిలోకి మార్చుకొనే వీలు 2022 డిసెంబరు సవరణతో కలిగింది. తరచు ఊళ్లు మారే అమ్మకాల, రవాణా విభాగాలవారికి ఇది వరమే. కోక్ ఓవెన్లలోనో, రైలు మిల్లులోనో సర్వీసంతా ఇక్కడే గడిపే మనవంటివారికి మాత్రం సి.జి. 07 చాలునని నా అభిప్రాయం. రెండేళ్లకొకసారి గుర్తుంచుకొని పన్ను కట్టడం కూడా ఒక భారమే గదా.

లైసెన్సు విషయంలో ఇంత శ్రమ లేదు. శ్రీకాకుళంలో పొందిన లైసెన్సు గడువు తీరేవరకు భిలాయిలోనూ చెల్లుతుంది. 2019 సవరణ తరువాత 30 ఏళ్ల లోపువారికి ఇచ్చే లైసెన్సు 40వ ఏడు వరకు, 30 నుండి 50 లోపు వారిది పదేళ్లు, 50 నుండి 55 లోపు వారిది 60వ ఏడు వరకు, ఆపైన వారిది ఐదేళ్లు చెల్లుతుంది. గడువు తీరిన ఏడాదిలోగా పునరుద్ధరించుకోకపోతే మళ్లీ పరీక్షకు నిలబడాలి. నలభై దాటినవారికి వైద్యుని ధ్రువపత్రం కావాలి. కొత్తగా నేర్చుకొనేవారికి శిక్షార్థి లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై దినాలు గడిచిన తరువాతనే అసలు పరీక్ష.

ఇంటి యజమాని రాత్రి షిఫ్టులో ఉండగా బిడ్డకు జ్వరం వస్తే సెక్టార్ 9 ఆసుపత్రికి బండి నడిపేది ఎవరు? మన గృహిణులలో చాలామందికి చక్కటి వెడల్పైన సెక్టారు రోడ్లు ఉన్నా లైసెన్సు లేదు. పరీక్షలో అడిగేవి రోడ్డు గుర్తులు, నియమాలు. హిందీ రాదన్న బెదురు అవసరం లేదు. ఇక ట్యూషన్లకు స్కూటరుపై వెళ్లే పదిహేనేళ్ల పిల్లల సంగతి. 2019 సవరణలోని 199ఎ సెక్షను మైనరు చేసిన నేరానికి తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించింది. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లవానికి ఇరవై ఐదేళ్లు వచ్చేవరకు లైసెన్సు దొరకదు.

కొత్త నంబరు వచ్చిన రోజుననే బీమా కంపెనీకీ, ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకుకూ తెలియజేయాలి. బీమా పత్రంలో ఒక నంబరు, పలక మీద మరొక నంబరు ఉంటే ప్రమాదం జరిగిన నాడు వాదులాటకు తావిచ్చినట్లవుతుంది.

మరొక విషయం చెప్పడానికి నోరు రాకపోయినా చెప్పక తప్పదు. యజమాని మరణిస్తే ముప్పై దినాలలోగా రవాణా కార్యాలయానికి తెలిపి, మూడు నెలలలోగా 31వ ఫారంతో బండిని వారసుల పేరిట మార్పించుకోవాలి. బండి పాత రాష్ట్రపు నంబరుతోనే ఉంటే, దుఃఖంలో ఉన్న ఇల్లాలు ఆ కాగితాల కోసం అక్కడి కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. రిజిస్ట్రేషను పత్రంలో నామినీ పేరు చేర్చే వెసులుబాటు 2021లో వచ్చినది. బండి కొన్ననాడు అది చేయనివారు తరువాతనైనా చేర్పించుకోవచ్చును. 27వ ఫారం పట్టుకొని దుర్గ్ వెళ్లే రోజున ఈ పని కూడా అడిగి చూడండి.