దివిసీమ సముద్రతీరము



నేనిప్పుడు హైదరాబాదు నగరమున బంజారాహిల్స్‌లో మా కుమారుని యింట నివసించుచున్నాను. ఈ చుట్టుపట్ల చలనచిత్ర రంగమువారి గృహములు మెండు. ఫిల్మ్‌నగర్ కూతవేటు దూరము. పాటలు చిత్రించుటకు సముద్రములు దాటి పోయివచ్చినవారును, సెలవులు గడుపుటకు పోయివచ్చినవారును సాయంకాలపు నడకలో నాకు తారసపడుచుందురు. వారి మాటలలో ఒక విశేషము గమనించితిని. ఎంత ప్రసిద్ధ ద్వీపమునకు పోయినను, అందరును పోవు తీరమును విడిచి, ఎవరును పోని తీరమును వెదకుకొనుటయే నేటి యాత్రికుల వేడుక.

వెస్టిండీసు ప్రాంతమున బార్బడోస్ అను చిన్న ద్వీపము కలదు. దాని పడమటి ఒడ్డున సముద్రము చెరువువలె నెమ్మదిగా నుండును గనుక విడుదులు పెక్కు అచటనే వెలసినవి. తూర్పు ఒడ్డున బాత్‌షీబా అను పల్లెయొద్ద అట్లాంటిక్ మహాసముద్రపు అలలు నేరుగా వచ్చి రాళ్లను మోదును. అక్కడ జనము పలుచన. తీరము నిర్జనముగా నున్నదన్నచో దానికొక కారణముండును. కారణము తెలిసి పోయినవానికే ఆ తీరము సరిగా కనబడును. అట్టి ద్వీపము మనకును గలదు. అది కృష్ణా జిల్లాలోని దివిసీమ. నేనచట ఒక పాఠశాలలో కొన్ని సంవత్సరములు తెలుగు బోధించితిని గనుక కొంత చెప్పగలను.

దివిసీమ ద్వీపమని చెప్పినచో అచటివారే కొందరు నవ్వుదురు. వంతెనల మీదుగా బస్సులు పోవుచుండగా ద్వీపమేమిటని వారి సందేహము. కాని పటము చూడుడు. విజయవాడ దాటిన కృష్ణానది పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలును. ఒకటి తూర్పునకు మరలి హంసలదీవియొద్ద బంగాళాఖాతమున కలియును. రెండవది, పెద్దది, దక్షిణముగా నాగాయలంక వైపు సాగి, మరల చీలి, పెక్కు మొగలతో సముద్రమును చేరును. ఈ రెండు పాయలకును సముద్రమునకును నడుమనున్న నేలయే దివిసీమ. సంస్కృతమున ద్వీపమన్నది తెలుగున దీవి యైనది. దివి యన్నదియు ఆ మాటయే.

ఇచటి ఊళ్ల పేర్లను పరికించుడు. నాగాయలంక, పాలకాయతిప్ప, హంసలదీవి. లంక యనగా నదిలో ఒండ్రు మేటవేయగా తేలిన భూమి. తిప్ప యనగా ఇసుక కూడిన మెరక. మొగ యనగా నది సముద్రమున ప్రవేశించు నోరు. పర్ర యనగా ఉప్పునీరు పారి పైరు పండని పల్లపు నేల. ఈ నాలుగు మాటల యర్థము తెలిసినవానికి ఈ సీమ పుట్టుక తెలిసినట్లే. మావంటి పండితులు నిఘంటువులలో వెదకు భేదములను అచటి పల్లెకారు బాలుడు కాలిక్రింది నేలనుబట్టి చెప్పగలడు. నేను తరగతిలో లంకకు పర్యాయపదముగా తిప్ప యన్నచో నా శిష్యులూరకుండెడివారు కారు.

అవనిగడ్డ మీదుగా కోడూరు చేరి, అటనుండి హంసలదీవికి పోవలెను. ఊరిలో వేణుగోపాలస్వామి ఆలయము కలదు. పాపులు మునిగి మునిగి గంగానది నల్లబడి, కాకిరూపము దాల్చి తీర్థములన్నిట స్నానమాడుచు వచ్చి, ఇచట మునిగినంతనే హంసయయ్యెనని స్థలపురాణము. పెదప్రోలు నివాసియైన కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకము రచించినవాడని అందరకు తెలియును. ఈ స్వామిపై ఆయన హంసలదీవి గోపాల శతకమును కూడ చెప్పెనని తెలిసినవారు తక్కువ. మాఘ పూర్ణిమనాడు ఇచట సముద్రస్నానమునకు వేలకొలది జనము వత్తురు. ఏకాంతము కోరువారు ఆ దినమును మానుకొని తక్కిన దినములలో పోవుట మేలు.

ఊరిని విడిచి కొంతదూరము పోగా పాలకాయతిప్ప. దానికావల సముద్రము. విడుదులు బారులుతీరిన తీరము కాదు. ఇసుక, ఆకాశము, వలలు బాగుచేసికొను కొందరు మనుష్యులు, అంతే. ఒడ్డువెంట నడిచినచో సాగరసంగమము కానవచ్చును. అచట నది నీటి రంగు వేరు, సముద్రపు నీటి రంగు వేరు. కొన్ని దినములలో ఆ రెంటి నడుమ గీత గీచినట్లే యుండును. అయితే సంగమమున దిగి స్నానము చేయరాదు. నదీప్రవాహము, ఆటుపోటులు ఒకదానినొకటి ఒరసికొను చోట నీటి అడుగున ఇసుక నిలువదు. నిన్న మోకాలిలోతున్నచోట నేడు నిలువులోతుండును. నేను పిల్లలను తీసికొనిపోయినపుడు పల్లెకారులను ముందు విచారించిన పిమ్మటనే ఒడ్డునకు పోనిచ్చెడివాడను.

జనవరి మొదలు మార్చి వరకు ఈ తీరమునకు రాత్రివేళ వేరు యాత్రికులు వత్తురు. ఆలివ్ రిడ్లీ అను సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుంట త్రవ్వి, నూటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టి, పూడ్చి, మరలిపోవును. ఇంచుమించు ఏబది దినములకు పిల్లలు వెలువడును. ఇసుకవేడిమినిబట్టియే పిల్ల ఆడదియో మగదియో నిర్ణయమగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వెలువడిన పిల్ల రాత్రివేళ వెలుతురు గల దిక్కునకు ప్రాకును. సహజముగా ఆ వెలుతురు సముద్రముది. ఒడ్డున మనము దీపములు పెట్టినచో అది దారితప్పి ఊరివైపు నడచి నశించును. కావున ఆ నెలలలో రాత్రివేళ తీరమున దివిటీలు, మంటలు, మోటారు దీపములు కూడవు.

ఇంత చక్కని తీరమున జనావాసము పలుచన యేల? శ్రోతలలో పెద్దలకు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేది, శనివారము. పింగళనామ సంవత్సరము, దీపావళి వెళ్లి కొన్ని దినములైనది. ఆనాటి తుపాను చీరాల సమీపమున తీరము దాటెను. మన గోళార్ధమున తుపాను గాలులు గడియారపు ముల్లునకు ఎదురుదిశలో తిరుగును. అందుచే తుపాను నడచు దారికి కుడివైపునున్న సీమలో గాలి సముద్రమును భూమిపైకి నెట్టును. చీరాలకు కుడిచేతివైపు దివిసీమ. ఇచట సముద్రపు అడుగు లోతు తక్కువ, నేల అరచేయివలె చదును. గాలి నెట్టిన నీరు క్రిందికి పోవు త్రోవలేక పైకి లేచినది. ఇంచుమించు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన లోపలికి పదునైదు కిలోమీటర్లకు మించి చొచ్చుకొనివచ్చెను. ప్రభుత్వపు లెక్కననుసరించియే మృతులు దాదాపు పదివేలు. అంతకంటె ఎక్కువయని చెప్పువారు పెక్కురు. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు ఊళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి.

నేనచట పనిచేయునాటికి ఆ పిల్లలెవరును ఉప్పెనను చూచినవారు కారు. అయినను కార్తికమాసమున ఒక దినమున నా తరగతిలో బల్లలు సగము ఖాళీగా నుండెడివి. మొదటి సంవత్సరము కారణమడిగితిని. ఇంట తద్దినమని ఒకడు చెప్పెను. నీవో యని రెండవవానినడిగితిని. వాడును అదియే చెప్పెను. ఆ సాయంకాలము వీధివెంట నడచితిని. వరుసగా ప్రతియింటను అదే తిథి. కొన్ని యిండ్లలో ఒకరి పేర గాదు, ఏడెనిమిదిమంది పేర. పంచాంగము చేతబట్టి బ్రతికినవాడను, తిథి యన్నమాటకంతటి బరువు నేనెన్నడు నెరుగను.

ఆ పిమ్మటనే తీరమువెంట తుపాను రక్షణ భవనములు కట్టిరి. స్తంభములమీద నెత్తుగా నిలిచిన ఆ కట్టడములను యాత్రికులు అందముగా లేవని యెంచవచ్చును. నా దృష్టిలో దివిసీమలో దేవాలయముల తరువాత చూడదగినవి అవియే.

మరియొక రక్షణ ప్రకృతి యిచ్చినది: మడ అడవులు. నాగాయలంకనుండి ఎదురుమొండి దిశగా పడవలో పోవుచో రెండువైపులను కనబడును. మడచెట్టు ఉప్పునీటి బురదలో పెరుగును. బురదలో ఊపిరాడదు గనుక దాని వేళ్లలో కొన్ని భూమినుండి మేకులవలె పైకి పొడుచుకొనివచ్చి గాలి పీల్చును. ఆ వేళ్ల నడుమ రొయ్యలు, పీతలు, చేపపిల్లలు పెరుగును. తిల్ల యను చెట్టు పాలు కంటబడినచో చూపునకే ముప్పు, కొమ్మ విరవరాదు. చేపలను వేటాడు బావురుపిల్లికి ఈ అడవియే ఇల్లు. అది మాత్రము పగటిపూట వచ్చిన యాత్రికునకు దర్శనమిచ్చుట అరుదు. 1989లో ప్రభుత్వమువారు ఈ ప్రాంతమును కృష్ణా అభయారణ్యముగా ప్రకటించిరి. లోపలికి పోదలచినవారు అటవీశాఖవారి అనుమతి పొందవలెను. వేళ్లు, కొమ్మలు దట్టముగా నున్నచోట అల బలము తగ్గును. ఈ సంగతి వృద్ధ పల్లెకారులకు పుస్తకము చదువకయే తెలియును.

ఎదురుమొండికి నేనున్న కాలమున పడవపైనో పంటుపైనో దాటెడివారము. ఆ దిక్కున నేల చివరను నావికుల పటములలో ఫాల్స్ దివి పాయింట్ అందురు, అనగా దొంగదివి. అసలు దివి పాయింటు తూర్పుననున్నది. దూరమునుండి ఒకదానిని జూచి మరియొకటిగా భ్రమింతురని ఆ పేరు పెట్టిరి కాబోలు. భూమికి దొంగయను బిరుదు వచ్చుట నేనింకెక్కడను వినలేదు.

ఈ తీరము మారుచున్నది. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశం బారేజి వచ్చినది. ఎగువన నాగార్జునసాగరము, శ్రీశైలము. వీనివలననే దివిసీమకు కాలువనీరు, రెండు పూటల అన్నము. కాని లంకలను, తిప్పలను కట్టిన ఒండ్రుమట్టి నేడు జలాశయములలోనే చాలవరకు నిలిచిపోవుచున్నది. నది తెచ్చి పోయుట తగ్గెను; సముద్రము తీసికొనిపోవుట తగ్గలేదు. పలుచోట్ల ఒడ్డు కోతబడుచున్నది. ఉప్పునీరు లోపలి పొలములకు ప్రాకుచున్నదని రైతులు మొరపెట్టుకొందురు.

పోదలచినవారికి మార్గశీరము మొదలు ఫాల్గునము వరకు అనుకూలము. తుపానుల కాలమున పోరాదు. త్రోవలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించి, అవనిగడ్డలో భోజనము చేసి బయలుదేరినచో ఎండ తగ్గునాటికి పాలకాయతిప్ప చేరవచ్చును. త్రాగునీరు వెంట నుంచుకొనుడు. చేపలు కొనదలచినచో వలలు ఒడ్డునకు వచ్చు వేళ ముందుగా విచారింపుడు. చీకటి పడకముందే కోడూరు చేరుట మంచిది. ఆ బాటలో దీపములు తక్కువ, ఎడ్లబండ్లు, కోతల కాలమున ధాన్యపు ట్రాక్టర్లు ఎక్కువ.