మీకు తెలుసా? పెద్ద తూటా ఒక్కటే చాలదు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు చేలలో పడే అడవిపందిని నాటు తుపాకి గుళ్లతో కొడితే, అది చావక గాయంతో పొదల్లో దూరి నరకయాతన పడవచ్చు. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ వాడిన .405 వించెస్టర్ లాంటి పెద్ద రైఫిల్ ఉంటే సరిపోదా అంటారు. బరువైన తూటా మేలే, కానీ అదొక్కటే చాలదు. ఆఫ్రికాలో కరమోజో బెల్ అనే వేటగాడు 7 మి.మీ. తూటాలతోనే వందల ఏనుగులను కూల్చాడు. అతను వాడిన, విచ్చుకోని గట్టి తూటా పుర్రెను దాటి నేరుగా మెదడును తాకేది. మెత్తటి కొన తూటాకు అది చేతకాదు. అయితే ఒంట్లో విచ్చుకుని గుండెను, ఊపిరితిత్తులను చీల్చి జింకను త్వరగా పడగొట్టేది అదే. గురి తప్పితే ఏ తూటా అయినా క్రూరమే: 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపిన, మనుషులను తినే చంపావత్ ఆడపులి కోరలు పాత తుపాకి దెబ్బకే విరిగాయి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక, పంట కోసమైనా అనుమతి లేకుండా అడవిపందిని కాల్చడం నేరం.